బ్లీచింగ్ ఘాటని చెప్పిన దగ్గు

వినాయక చవితి వెళ్ళిన మరుసటి వారం, ఒక పొద్దున కాఫీ మింగబోతే గొంతులో ఏదో గీసుకుపోయినట్టు అనిపించింది. ఒళ్ళు బరువుగా ఉంది. వీపు మధ్యలో ఒకటే సలుపు. మా ఆవిడ సుగుణ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "కాలతా ఉండాది. ఈ పొద్దు పురుగుల గదిలోకి పోవద్దు, పండుకో" అంది. నేను వినలేదు. పారాసెటమాల్ మాత్ర ఒకటి వేసుకుని పనిలోకి పోయాను. చెప్పుకోవడానికి తల కొట్టేసినట్టు ఉన్నా, నాలాంటి పొరపాటు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను.

నా పేరు చెంగల్రాయులు. పలమనేరు పక్కన పల్లె మాది. పద్నాలుగేళ్ళుగా పట్టుపురుగుల చాకీ కేంద్రం నడుపుతున్నాను. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పట్టుపురుగు గుడ్డులోంచి బయటికి వచ్చినప్పుడు చీమ కంటే చిన్నగా ఉంటుంది. ఆ పసి పురుగును మొదటి పది రోజులు సాకి, కాస్త గట్టిపడ్డాక రైతులకు అప్పగించడం మా పని. దానికి గది వెచ్చగా, తేమగా ఉండాలి. తరిగిన ఆకు వాడిపోకూడదు. అందుకని మా గదిలో కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, ఒక మూల హీటరు, ఇంకో మూల తేమ చిమ్మే మిషను పెట్టుకున్నాం. నలుగురు ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గదిలోనే కూర్చుని మల్బరీ ఆకు సన్నగా తరిగి ట్రేలలో చల్లుతారు.

మాకు రోగమంటే చచ్చేంత భయం. ఒక ట్రేలో మొదలైతే బ్యాచ్ మొత్తం పోతుంది. పురుగుకు రోగం చేతుల మీద, కాళ్ళ మీద, ఆకు మీద వస్తుందని మాకు నేర్పించారు. కాబట్టి గుమ్మం ముందు బ్లీచింగ్ నీళ్ళ తొట్టి ఉంటుంది. అందులో కాళ్ళు ముంచి, చేతులు సబ్బుతో కడిగి, గది చెప్పులు వేసుకుంటేనే లోపలికి రానిస్తాను. ఈ విషయంలో నాది మహా చాదస్తం. తనిఖీకి వచ్చిన ఆఫీసరు చేత కూడా ప్యాంటు మడిపించి తొట్టిలో కాళ్ళు పెట్టించాను. కరోనా వచ్చి ఊరంతా సానిటైజర్లు పట్టుకు తిరిగినప్పుడు, ఇది మాకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటే కదా అని మీసం మెలేశాను. "చెంగల్రాయులు గదిలో రోగం రాదు" అని చుట్టుపక్కల పేరు. ఆ పేరంటే నాకు పిచ్చి.

నాకు గొంతు నొప్పి వచ్చిన రోజే గుడ్లు పగిలి పురుగులు బయటికి వచ్చాయి. రైతులు షెడ్లు కడుక్కుని ఎదురు చూస్తున్నారు. నాకు జ్వరమని తెలిస్తే ఫోన్లు మొదలవుతాయి. జ్వరమొచ్చిన మనిషి పసి పురుగుల దగ్గరికి పోతున్నాడంట అనే మాట ఒక్కటి చాలు నా పేరు పోవడానికి. కాళ్ళు ముంచుకున్నాను. చేతులు ఒకసారికి రెండుసార్లు కడిగాను. ఆకు ముట్టుకోకుండా, ట్రేలు తాకకుండా నిలబడి చూసుకుంటే నా జ్వరం నా ఒంట్లోనే ఉంటుంది, ఎవరికి పోతుంది అనుకున్నాను. నిజంగానే అట్లా నమ్మాను.

రెండో రోజుకు దగ్గు పట్టుకుంది. గదిలో హీటరు ఫ్యానూ, తేమ మిషనూ హోరు పెడుతుంటాయి కాబట్టి మాట వినపడాలంటే అరవాల్సిందే. మూతికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి అరవడం, అరిచాక దగ్గడం. ఆకు తరుగుతున్న మునెమ్మ తలెత్తి చూసింది.

"ఏందన్నా, అట్ల దగ్గతా ఉండావు? జొరమేమన్నా ఉండాదా?"

"జొరమూ లేదు గిరమూ లేదు. బ్లీచింగ్ ఘాటు గొంతులోకి పోయింది."

"కిటికీ తీద్దునా రవ్వంతసేపు?"

"వద్దు వద్దు. ఆకు వాడిపోతాది."

అంతే మా మాటలు. ఆమె మళ్ళీ తల వంచి ఆకు తరగసాగింది.

మునెమ్మ గురించి చెప్పాలి. యాభై ఏళ్ళుంటాయి. భర్త లేడు. దేవకి అని ఒక్కతే కూతురు, రేణిగుంటలో ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. మునెమ్మ పదకొండేళ్ళుగా నా దగ్గర పని చేస్తోంది. ఆమె తరిగినంత సన్నగా ఆకు ఇంకెవరూ తరగలేరు. ట్రే వైపు ఒకసారి చూసి ఏ పురుగు తినలేదో చెప్పేస్తుంది. ఆమెకు షుగర్ ఉంది, చలి మొదలైతే రొమ్ములో పిల్లికూతలు వస్తాయి. ఇవన్నీ నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

నాలుగో రోజు ఇద్దరు ఆడవాళ్ళు పనికి రాలేదు. ఒళ్ళు నొప్పులు, జ్వరమని కబురు పంపారు. "వానలు గదా" అన్నాను. ఐదో రోజు నాకు జ్వరం దిగింది, ఆకలి కూడా వేసింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఆ మధ్యాహ్నమే మునెమ్మ కత్తిపీట పక్కకు జరిపి గోడకు ఆనుకుని కూర్చుంది. "ఊపిరి సాలడం లేదన్నా" అంది. బయటికి తీసుకొచ్చి గాలికి కూర్చోబెట్టినా కూతలు ఆగలేదు.

బండి మీద ఎక్కించుకుని పలమనేరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన స్టెత్ పెట్టి, "వీజింగ్ బాగా ఉంది. ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు.

"పురుగుల గదిలో సార్. బ్లీచింగ్ ఘాటు పడలేదు. మా అన్నకు గూడా అదే దగ్గు."

ఆయన నా వైపు తిరిగాడు. "మీకూ అంతేనా? పనిచేసే చోట ఎవరికైనా జ్వరాలున్నాయా?"

మునెమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఆమెకు చెప్పిన అబద్ధాన్ని ఆమె ముందే ఎట్లా కొట్టిపారేయను? "లేదు సార్. ఘాటే" అన్నాను. ఆయన చీటీ మీద chemical irritation అని, అంటే మందు ఘాటు వల్లనేనని రాసి, nebulizer పెట్టించి, ఇన్‌హేలరు, మాత్రలు ఇచ్చి పంపాడు. ఆయన తప్పేమీ లేదు. చెప్పినదాన్ని బట్టే కదా డాక్టరు వైద్యం చేసేది. అబద్ధం చెప్పింది నేను, దానికి మందు మింగింది ఆమె.

ఇంకో రెండు రోజులు అట్లా పోయాయి. రోజుకు రెండుసార్లు ఆమె ఇంటికి పోయి చూసి వచ్చాను. సుగుణ గంజి కాచి పంపింది. మూడో రోజు పొద్దున మునెమ్మ పెదాలు నీలంగా కనిపించాయి. మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. వేలికి పెట్టిన మిషన్లో saturation, అంటే రక్తంలో ఆక్సిజన్, ఎనభై రెండే ఉంది. "ఇక్కడ కాదు, వెంటనే తిరుపతికి తీసుకుపోండి" అన్నాడు. ఆక్సిజన్ పెట్టిన అంబులెన్సులో నేను ముందు సీట్లో కూర్చున్నాను. చిత్తూరు దాటేదాకా వెనక్కి తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

తిరుపతి ఆస్పత్రి గేటు దగ్గర దేవకి నిలబడి ఉంది. షిఫ్టు మధ్యలో లేచి వచ్చినట్టుంది, ఫ్యాక్టరీ టోపీ ఇంకా తల మీదే ఉంది. "మామా, ఏమైందమ్మకి?" అంటూ నా చెయ్యి పట్టుకుంది. సొంత మేనమామను కాను. మునెమ్మ నన్ను అన్నా అంటుంది కాబట్టి ఆ పిల్ల చిన్నప్పటి నుంచి మామా అంటుంది.

Casualty లో ఒక లేడీ డాక్టరు చూసింది. ఎక్స్‌రే లైటుకు ఎత్తి పట్టుకుని, "రెండు lungs లోనూ న్యుమోనియా. Chemical irritation అని రాసిచ్చారు. కెమికల్ అయితే ఇంత జ్వరం ఎందుకుంటుంది? ఈమె చుట్టూ flu లాగా ఎవరికైనా వచ్చిందా?" అంది.

దేవకి నా వైపు చూసింది. "నువ్వే చెప్పు మామా. దినామూ ఆడుండేది నువ్వే గదా."

"ఏమో... గుర్తు లేదు మేడం" అన్నాను. గుర్తు లేదట! ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "సరే, throat swab పంపిద్దాం. రిజల్ట్ రేపటికి వస్తుంది" అని లోపలికి వెళ్ళింది.

నేను వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మా ఊరివాళ్ళు ఇద్దరు చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన నా భుజం తట్టి, "కూలికొచ్చే మనిషి కోసం ఇంత పాటు పడతా ఉండావు. తోడబుట్టినోడు గూడా ఇట్ల జూసుకోడబ్బా" అన్నాడు. దేవకి కూడా నేను తిన్నానో లేదో అడిగి ఇడ్లీ పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. ఆ పొట్లం విప్పలేకపోయాను. నన్ను ఎవరైనా తిట్టి ఉంటే ఇంకొంతసేపు భరించేవాణ్ణేమో, ఆ మెప్పు మాత్రం భరించలేకపోయాను. గుర్తు లేదని చెప్పి అప్పటికి ముప్పావు గంట అయింది. ఆ ముప్పావు గంట కూడా నా లెక్కలోకే వస్తుంది.

లేచి పోయి డాక్టరమ్మను పిలిచాను. దేవకి వెంట వచ్చింది. ఆ పిల్లను పొమ్మనలేదు.

"మేడం, నాకు ఎనిమిది దినాల కింద జొరమొచ్చింది. దగ్గు గూడా. మాత్రేసుకోని, కిటికీలు మూసిన గదిలోకి పోయినాను. ఘాటని అబద్దం చెప్పినాను. ఇంకా ఇద్దరు ఆడోళ్ళకు జొరమొచ్చింది."

ఆమె నన్ను తిట్టలేదు. నర్సును పిలిచి, రిజల్ట్ దాకా ఆగకుండా oseltamivir అనే ఫ్లూ మందు మొదలుపెట్టమంది. తర్వాత నాతో, "ఈ మందు మొదటి రెండు రోజుల్లో వేస్తే బాగా పనిచేస్తుంది. ఆ రెండు రోజులు దాటిపోయాయి. ఇప్పుడైనా ఇస్తాం. ఎంత పనిచేస్తుందో చెప్పలేను" అంది.

"చేతులు కడుక్కునే పోయినాను మేడం. కాళ్ళు గూడా బ్లీచింగ్‌లో ముంచినాను. ఆమెను తాకను గూడా తాకలేదు" అన్నాను. అంత సేపటికి కూడా నా చాదస్తమే నాకు సాక్ష్యంగా కనిపించింది మరి.

ఆమె ఓపికగా చెప్పింది. "చేతులు కడగడం మంచిదే. కానీ ఈ వైరస్ కాళ్ళ మీద రాలేదు, మీ ఊపిరిలో వచ్చింది. దగ్గినా, గట్టిగా మాట్లాడినా, మామూలుగా ఊపిరి వదిలినా నోట్లోంచి, ముక్కులోంచి సన్న తుంపర వస్తుంది. పెద్ద చుక్కలు దగ్గరలోనే కింద పడిపోతాయి. కంటికి కనపడని చిన్నవి గాలిలో తేలుతూనే ఉంటాయి. మూసిన గదిలో ఊదుబత్తి వెలిగిస్తే ఏమవుతుంది? వాసన మూలమూలకీ పోతుంది కదా. మీరు ఆ మూల నిలబడినా, ఆమె ఈ మూల కూర్చున్నా అదే గాలి పీలుస్తారు. కిటికీ తీస్తే పలచబడిపోతుంది. గది మూసి, గంటల తరబడి అందులోనే ఉంటే పోగవుతుంది."

"తేమ మిషన్ వల్లనా మేడం? దాని హోరుకు అరిచి మాట్లాడతా ఉంటి."

"మిషన్ కాదండీ. గాలి మారకపోవడం వల్ల. పైగా మీరు అందులో అరిచారు."

ఆమె వెళ్ళిపోయాక దేవకి నా ముందు నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఒక పురుగు నీరసపడితే ఆదివారమైనా మా అమ్మకు ఫోన్ జేసి పిలిపిస్తావే. నీ ఒళ్ళు బాగలేదని ఒక్క మాట జెప్పేదానికి ఏమొచ్చింది నీకు?"

ఆ రోజు నుంచి ఆమె నన్ను మామా అని పిలవలేదు.

మర్నాడు రిజల్ట్ వచ్చింది, Influenza A. ఆ సాయంత్రానికే మునెమ్మను ventilator మీద పెట్టారు. తొమ్మిది రోజులు. మధ్యలో ఒకసారి ట్యూబు తీసేశారు. మేమంతా దేవుడికి దండం పెట్టుకునే లోపల ఊపిరి మళ్ళీ తడబడి, మళ్ళీ ట్యూబు వేశారు. ఊపిరితిత్తుల్లో ఇంకో infection చేరిందన్నారు. ICU అద్దంలోంచి రోజుకు ఒకసారి చూడనిచ్చేవాళ్ళు. ఆమె రొమ్ము మిషను ఊదినప్పుడల్లా లేచి పడుతుండేది. నేను చూసి బయటికి వచ్చేవాణ్ణి. దేవకి లోపలికి పోయేటప్పుడు నా పక్క నుంచే పోయేది, కానీ కన్నెత్తి చూసేది కాదు.

ఇంతలో పదో రోజు వచ్చి రైతులు పురుగులను తీసుకుపోయారు. సుగుణ ఒక్కతే అప్పగించింది. ఒక్క ట్రే కూడా చెడలేదు. "నీ చాకీకి తిరుగులేదన్నా" అని ఒక రైతు ఆస్పత్రికే ఫోన్ చేశాడు. నేను అప్పుడు ICU బయట నిలబడి ఉన్నాను. ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి పోయి మొహం కడుక్కున్నాను. అద్దంలో నా మొహం చూసుకోబుద్ధి కాలేదు. జ్వరమొచ్చిన మిగతా ఇద్దరు ఆడవాళ్ళకూ ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాళ్ళు అప్పటికే కోలుకున్నారు. ఒకామె నేను చెబుతుండగానే ఫోన్ పెట్టేసింది.

మునెమ్మ బతికింది. ఇరవై మూడో రోజు వార్డులోంచి ఇంటికి పంపారు. గొంతు బొంగురుపోయింది, కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. ఆక్సిజన్ మిషను ఇంట్లో రెండు నెలలు పెట్టుకోవాల్సి వచ్చింది. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటిచ్చి ఊపిరి పీల్చి బంతులు లేపమన్నారు. మొదటి వారం ఒక్క బంతి కూడా కదల్లేదు. ఒక బంతి పైకి లేచిన రోజు దేవకి పక్కింటివాళ్ళకు చూపించిందట. "Lungs మీద మచ్చలు పడ్డాయి. చాలావరకు తేరుకుంటుంది, మునుపటంత కాకపోవచ్చు" అని డాక్టరు చెప్పింది.

నేను నేరుగా ఆమెతో చెప్పుకోవడానికి ఇంకో నెల పట్టింది. మొహం చెల్లలేదు. ఒక పొద్దున పోయేసరికి ఆమె ఎండలో మంచం మీద కూర్చుని ఉంది. చెప్పాల్సింది ఇంటి దగ్గరే వల్లె వేసుకుని పోయాను. సగం కూడా చెప్పకముందే చెయ్యెత్తి ఆపింది.

"దేవకి జెప్పిందిలే. నీకు జొరమని జెప్పింటే నేను పనికి రాకుండా ఉండేదాన్ని అనుకుంటా ఉండావా? వచ్చేదాన్నే. ఇంట్లో కూసుంటే ఎట్ల గడస్తాది? అయితే నువ్వు వద్దన్నా కిటికీ తీసుకోని, ఆడ కూసునేదాన్ని. అది నా ఇష్టం. ఆ ఇష్టం గూడా నాకు లేకుండా జేసినావు గదన్నా."

కోపంగా అనలేదు. ఊపిరి అందక, మధ్యలో రెండుసార్లు ఆగి అంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. ఓదార్చాలని నేను కోరుకోవడమే తప్పు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు మా దగ్గర ఆకు తరగడం గదిలో కాదు, బయట రేకుల షెడ్డులో. గదిలో మేత వేసిన ప్రతిసారీ కిటికీలు కాసేపు తెరుస్తాం. పురుగుల మీద గుడ్లు పెట్టి చంపే ఈగ రాకుండా వల కొట్టించాం. ట్రేల మీద మైనపు కాగితం కప్పితే కిటికీ తెరిచినా ఆకు వాడదు. ఆ కాగితం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఆ రోజు కూడా నా స్టోరు రూములో కట్టలు కట్టి ఉంది. పనిచేసేవాళ్ళకు జ్వరమొస్తే కూలి కోతపెట్టకుండా ఇంట్లో ఉండనిస్తున్నాను. అందరికీ మాస్కులున్నాయి. పురుగులకు ఏమీ కాలేదు, అవి చక్కగా తింటున్నాయి.

మునెమ్మ మూడు నెలల కింద మళ్ళీ పనికి వచ్చింది. తరగడం ఆమె వల్ల కాదు, చెయ్యి ఆడిస్తే ఆయాసం. ట్రేలు చూసి చెప్పడం, మిగతావాళ్ళకు నేర్పడం ఆమె పని. తానే వస్తానంది. నేను అడగలేదు, అడిగే హక్కు నాకు లేదనుకున్నాను. వచ్చిన మొదటి రోజే ఒక షరతు పెట్టింది. పొద్దున గది తెరవకముందు ఆమె గుమ్మం మెట్ల కింద నిలబడి ఒక్కొక్కరినీ "ఒళ్ళెట్లుండాది?" అని అడుగుతుంది. అందరూ వినేటట్టు జవాబు చెప్పాలి. నన్ను అందరికంటే ముందు అడుగుతుంది.

ఈ రాసింది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. జ్వరమో దగ్గో ఉంటే, మీతో పాటు ఒకే గదిలో గాలి పీల్చేవాళ్ళకు ముందు ఆ మాట చెప్పండి, డాక్టరు అడిగినప్పుడు తప్పకుండా చెప్పండి. కిటికీ తియ్యాలా, మాస్కు పెట్టుకోవాలా, దూరం జరగాలా అన్నది అప్పుడు వాళ్ళు చూసుకుంటారు. మీరు చెప్పకపోతే వాళ్ళకు ఆ దారి కూడా ఉండదు.

పోయిన వారం ఆమె అడిగినప్పుడు, నలుగురు ఆడవాళ్ళ ముందు నిలబడి, "గొంతు నొస్తా ఉండాది మునెమ్మా. ముక్కు గూడా కారతా ఉండాది" అన్నాను. మొహం వేడెక్కింది. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "అయితే ఇంటికి పో. మేం జూసుకుంటాం" అని, గది మెట్ల వైపు తిరిగింది. నాకు ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆమె మాత్రం ఆ మూడు మెట్లు ఎక్కుతూ రెండో మెట్టు మీద ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి అందాకనే మూడోది ఎక్కింది.